వెండి పాదం మీద పసుపు

మొన్న శుక్రవారం మా మనవరాలు పని నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా నా పక్కన కూలబడి, ఫోను తెచ్చి నా ముక్కుకి ఆనించినంత పని చేసింది. ఈ పిల్ల ఇక్కడ బర్మాలో, మా ఊరి చౌక్తడా పేటలో ఫోన్ల షాపులో పని చేస్తుంది. ఆ షాపుకి నాలుగు సందుల అవతల యూదుల గుడి ఉంది, గుడి చూసుకునే ఆయన ఫోను బాగు చేయించుకోడానికి వస్తూంటాడు, మా అమ్మమ్మకి మీ గుడి సంగతులన్నీ తెలుసని ఈ పిల్ల ఎప్పుడో అన్న మాట ఆయన గుర్తుపెట్టుకున్నాడట. పై దేశం నుంచి ఇద్దరు వచ్చి ఉన్నారట, పాత సామాను చెడిపోకుండా శుభ్రం చేసి పెట్టే పని తెలిసినవాళ్ళు. గుడిలో ఉన్న వెండి పెట్టె పాదం దగ్గర, చెక్కిన పూరేకుల సందుల్లో పచ్చగా ఏదో పట్టుకుని ఉందట. ఒకరు చిలుమన్నారట, ఇంకొకరు థనకా అన్నారట, అదే, ఇక్కడి ఆడవాళ్ళు మొహానికి అరగదీసి రాసుకునే చెక్క గంధం. సోమవారం మందు పెట్టి తీసేస్తారట, ఈలోగా మీ అమ్మమ్మకేమైనా తెలుసేమో అడిగి చూడు అన్నాడట.

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. చిలుమూ కాదు, థనకా కాదు. అది మా అమ్మ చేతి పసుపు.

ఏటి అమ్మమ్మా, తెలుసా అని పిల్ల అడుగుతూనే ఉంది గాని, నేను ఆ ఫొటోలో పచ్చదనాన్ని వేలితో తడుముతూ ఉండిపోయాను. ఇన్నేళ్ళలో ఎన్ని ఆషాఢాలు కురిసి ఉంటాయి, ఎన్నిసార్లు ఎందరు ఆ పెట్టెని తుడిచి ఉంటారు, ఆ పసుపు ఇంకా అక్కడే కూర్చుని ఉందా! నా ఈడు వాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా మిగిలి ఉంటే వాళ్ళకి తెలుస్తుంది, ఆ రోజులు ఎలాంటివో.

అప్పటికి నేను ఓణీలు వేసుకుంటున్నాను. మా నాన్న అహ్లోన్‌లో బియ్యం మిల్లులో పని చేసేవాడు, వారానికోసారి ఒళ్ళంతా తవుడుతో ఇంటికి వచ్చేవాడు. మేం చౌక్తడాలో ఒక పాత మేడ మీద, ఒక్క గదిలో ఉండేవాళ్ళం. మా అమ్మ పొద్దున్న మూడిళ్ళలో పాచి పని చేసేది, శనివారం మాత్రం ఒక్క యూదుల మామ్మగారింటికే వెళ్ళేది. ఎందుకంటే శనివారం వాళ్ళు నిప్పు ముట్టుకోరు. పొయ్యి వెలిగించరు, దీపం వెలిగించరు, ఉన్నది ఆర్పరు, వీధిలోకి ఏ వస్తువూ మోసుకెళ్ళరు. శుక్రవారం పొద్దుగూకే ముందే వంటంతా చేసి బొగ్గుల మీద కప్పెట్టి, గాజు గ్లాసులో సగం నీళ్ళు, పైన నూనె పోసి, వత్తి వేసి దీపం పెట్టేస్తారు. మా ఇళ్ళలోనూ శుక్రవారం దీపమే కదా, అంచేత మా అమ్మకి ఆవిడంటే మొదట్నుంచీ ఒక చుట్టరికం కుదిరిపోయింది.

అసలు చమత్కారం ఏటంటే, శనివారం నాడు ఆ పని చెయ్యమని ఇంకొకరికి చెప్పడమూ తప్పేనట. మామ్మగారు ఎప్పుడూ పొయ్యి వెలిగించమని అనేది కాదు. కుర్చీలో కూర్చుని కిటికీ వంక చూస్తూ, ఇవాళ టీ చల్లారిపోయింది, అని ఊరుకునేది. మన బుద్ధితో మనం అర్థం చేసుకుని లేచి చెయ్యాలి. మా అమ్మ పనిలో చేరిన కొత్తలో, ఎండలు మాడిపోతున్న నెలలో ఆవిడ చలిగా ఉంది అంటే, పాపం ముసలావిడకి జ్వరం కాబోలనుకుని మా అమ్మ పెట్టెలోంచి కంబళి తీసుకెళ్ళి కప్పేసిందట. ఆవిడ ఆ కంబళి కింద చెమటలు కక్కుకుంటూ, వద్దని కూడా అనకుండా, నవ్వాపుకుంటూ కూర్చుందట. ఆవిడ కోరింది పొయ్యిలో నిప్పట. ఆ తరవాత మా అమ్మ ఆ భాష పట్టేసింది, అమ్మ వెనక తిరిగి నేనూ పట్టేశాను. చీకటిగా ఉందంటే దీపం, గాలి లేదంటే కిటికీ, ఆ చప్పుడేటో అంటే వంటింట్లో పిల్లి.

మామ్మగారి ఆయన గుడి తాళాలు చూసుకునేవాడు. ఆ గుడిలో విగ్రహం ఉండదు. తోలు మీద చేత్తో రాసిన వాళ్ళ వేదం, చుట్ట చుట్టి, నిలువుగా ఉన్న పెట్టెలో పెడతారు. లోపల చెక్క, పైన వెండి రేకు, రెండు తలుపుల్లా తెరుచుకుంటుంది, కొసని చిన్న గోపురం, గోపురానికి వెండి మువ్వలు. ఒకప్పుడు అలాంటివి గుడి బీరువా నిండా ఉండేవట. కొట్లూ కంపెనీలూ సర్కారు లాక్కుంటే, బయట్నుంచి వచ్చి స్థిరపడ్డ మనుషులు తట్టాబుట్టా సర్దుకుని ఓడలెక్కుతున్న కాలం అది, మనవాళ్ళూ వెళ్ళారు, వాళ్ళూ వెళ్ళారు. వెళ్ళిన ప్రతి కుటుంబమూ తమ పెద్దలిచ్చిన పెట్టెని తమతో పట్టుకుపోయింది. ఆఖరికి ఒక్కటే మిగిలింది, అన్నిట్లోకీ చిన్నది, మా ఇంట్లో బియ్యం డబ్బా అంత ఎత్తు. మామ్మగారి ఆయన పోతూ పోతూ ఆవిడ చెయ్యి పట్టుకుని, ఈ ఊళ్ళో మన దీపం ఒక్కటి వెలుగుతున్నా సరే దీన్ని కదలనివ్వకు అన్నాడట. ఆ మాట ఆవిడ మా అమ్మకి చెప్పి ఏడవడం నేను విన్నాను.

కదిపేవాడు బయటివాడు కాదు. ఆవిడ మేనల్లుడే. మంచివాడు, నెమ్మదస్తుడు, మా అమ్మని ఇక్కడి మాటలో అమా అని, అంటే అక్కా అని పిలిచేవాడు. అతనూ పెళ్ళాం పిల్లలతో వెళ్ళిపోతున్నాడు. పదిమంది మగవాళ్ళు కూడితేగాని ఆ వేదం తీసి చదవకూడదు, ఇక్కడ పదిమంది ఎక్కడున్నారు, రేపు నువ్వు పోతే దీని వెండి వలుచుకుని చెక్క పొయ్యిలో పెడతారు, నాతో వస్తే ఎక్కడో ఒకచోట బతుకుతుంది, అని అతని వాదన. అందులో తప్పేమీ లేదు. కాని ఆవిడ ఉండనీ అంటుంది, అతను కుదరదంటాడు. ఆడదానికి ఆ విషయంలో మాట చెల్లదు. గుడి పెద్దల్లో మిగిలిన మగవాడు అతనే.

ఒక శుక్రవారం సాయంత్రం, మామ్మగారు దీపం పెట్టేసిన తరవాత అతను వచ్చి, ఓడ ముందుకి జరిగింది, రేపు మధ్యాహ్నమే బయల్దేరాలి, పొద్దున్న కారు తీసుకొచ్చి పెట్టె తీసుకెళ్తాను అన్నాడట. శనివారం నాడా అంది ఆవిడ. ఓడ శనివారం చూస్తుందా అత్తా, అన్నాడట.

ఇదంతా మాకు మర్నాడు పొద్దున్న తెలిసింది. మేం వెళ్ళేసరికి ఆవిడ కుర్చీలో బిగుసుకుని కూర్చుంది, రాత్రంతా పడుకున్న మొహం కాదు. జరిగింది చెప్పింది, చెప్పి ఊరుకుంది. మా అమ్మ పొయ్యి వెలిగించి టీ పెట్టింది. ఆవిడ ముట్టలేదు. గోడకున్న మేకుకి గుడి తాళం చెవి వేలాడుతోంది, ఆవిడ దాని వంక చూడకూడదన్నట్టు కిటికీ వంకే చూస్తోంది. కాసేపటికి, ఎవరితోనో కాదు, కిటికీతో అన్నట్టు అంది.

"మీ ఇంట్లో దేవుడి మూల విశాలంగా ఉంటుందట కదా, బేటీ."

మా అమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆవిడ అంతకంటే ఒక్క అక్షరం అనలేదు, అనకూడదు. మేం అర్థం కానట్టు గిన్నె కడిగి ఇంటికి పోతే, ఆవిడ ఏమీ అడగనట్టే. మా అమ్మ గిన్నె దించి, చేతులు తుడుచుకుని, మేకు దగ్గరికెళ్ళి తాళం చెవి తీసుకుంది. మామ్మగారు కళ్ళు మూసుకుంది.

గుడి రెండు సందుల అవతల. లోపల చల్లగా, మనిషి అలికిడి లేకుండా ఉంది. మా అమ్మ బీరువా ముందు చెప్పులు లేకుండా నిలబడి, చెంపలు వేసుకుని, తండ్రీ, ముట్టుకుంటన్నాను, నా సేతులు శుబ్రంగానే ఉన్నాయి, అని పెట్టెని గుండెకి హత్తుకుని ఎత్తింది. ఎత్తగానే మువ్వలు గొల్లుమన్నాయి. ఇద్దరం బిక్కచచ్చిపోయాం. మా అమ్మ తలకి పెట్టుకునే చుట్టగుడ్డ విప్పి మువ్వలకి బిగించి, పెట్టెని రెండు పాత లుంగీల్లో మూట కట్టి, చాకలి మూటలాగా నెత్తికెత్తుకుంది. నేను ముందు నడిచాను.

పొద్దుటి పూట, వీధి నిండా చేపల పులుసులో సేమ్యా వేసి అమ్మే మొహింగా బళ్ళు, సైక్కాలనే సైకిలు రిక్షాలు, ఆఫీసులకి పోయేవాళ్ళు. ఎవరికీ మా గొడవ పట్టదు, కాని ప్రతివాడూ మా మూట వంకే చూస్తున్నట్టు ఉంది నాకు. మలుపు తిరిగేసరికి ఎదురుగా కారు ఆగి ఉంది, అందులోంచి మేనల్లుడు దిగాడు.

అమా, అత్త లేచిందా, ఏమైనా తిందా అని అడిగాడు. లేచారు బాబూ, టీ పెట్టాను, తాగలేదు, అంది మా అమ్మ. అతను వెళ్ళిపోతే బాగుండును, వెళ్ళడే. తను లేనప్పుడు అత్తని ఎలా చూసుకోవాలో చెప్పడం మొదలెట్టాడు. మోకాళ్ళ నొప్పులకి మందు రాయమన్నాడు, మెట్ల మీద ఒంటరిగా దిగనివ్వద్దన్నాడు, చెబుతూ చెబుతూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. మా అమ్మ మెడ నరాలు పొంగుతున్నాయి, బరువుకి మూట ఒక పక్కకి ఒరిగింది, గుడ్డలోపల ఒక మువ్వ సన్నగా మోగింది.

నేను కాలు నేలకేసి కొట్టాను. నా కాళ్ళకి పట్టీలున్నాయి, పెద్ద మువ్వలవి కావు గాని చప్పుడొస్తుంది. చీమ కుట్టినదానిలా రెండో కాలూ కొట్టాను. అతను నా కాళ్ళ వంక చూసి, కళ్ళు తుడుచుకుని నవ్వి, ఈ పిల్ల నిలకడగా నిలబడదు, అన్నాడు. తరవాత గుడి వైపు వెళ్ళాడు. మేం పరిగెత్తలేదు. పరిగెత్తితే మోగుతుంది.

ఇంటికొచ్చి తలుపేసి మూట విప్పాం. మా దేవుడి మూలంటే గోడకి రెండు పటాలు, కింద చెక్క పీట, అంతే. ఆ పీట మీద పెట్టెని నిలబెట్టాం. కిటికీలోంచి ఎండ పడి వెండి ధగధగలాడింది, నిజంగా ఎవరో దేవుడు వచ్చి మా గదిలో నిలబడ్డట్టే ఉంది. ఇక మా అమ్మ ఏటి చేసిందంటే, ఏ తెలుగు ఇల్లాలైనా చేసేదే చేసింది. ఇంటికొచ్చిన దేవుణ్ణి ఉత్తినే నిలబెట్టదు కదా. పసుపు తడిపి పాదం చుట్టూ రాసింది, మూడు చోట్ల కుంకం బొట్లు పెట్టింది, ఏటి అవతల దలా నుంచి పడవ మీద పూలు తెచ్చి అమ్మే మనిషి దగ్గర ఆ పొద్దున్నే కొన్న బంతిపూలు గుచ్చి మెళ్ళో వేసింది, అరటిపండు ఒలిచి ముందు పెట్టింది. మామ్మగారింట్లో చూసినట్టే గాజు గ్లాసులో నీళ్ళూ నూనె పోసి దీపం వెలిగించింది. శనివారం నిప్పు ముట్టనివాళ్ళ దేవుడి ముందు శనివారం నాడే దీపం వెలిగించామన్న సంగతి మా ఇద్దరికీ తట్టనేలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మా మేడ ఎక్కేవాళ్ళకి బూట్లుండవు.

తరవాత తెలిసింది, అతను తన దగ్గరున్న రెండో చెవితో గుడి తెరిచి, బీరువా ఖాళీగా ఉంటే అత్త దగ్గరికి పరిగెత్తాడట. నేను తీయలేదు, తియ్యమని ఎవరికీ చెప్పలేదు, అందట ఆవిడ, అందులో అబద్ధం లేదు. అతను గుమ్మంలో నిలబడి ఆలోచించి, ఇందాక మోగినవి ఆ పిల్ల పట్టీలు కావు, అన్నాడట.

తలుపు తీసింది నేనే. అతను నన్ను దాటి చూశాడు. పసుపు, బొట్లు, పూలదండ, అరటిపండు. అతని మొహం తెల్లగా పాలిపోయింది. వాళ్ళలో బొమ్మకి మొక్కడం కంటే పెద్ద పాపం లేదని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. ఆ రోజు మాత్రం, ఏదో ఘోరం చేశామని అతని చెయ్యి చూస్తే తెలిసింది, తలుపు చెక్కని పట్టుకుని వదలడం లేదు.

మా అమ్మ పీటకి అడ్డంగా నిలబడింది. పీటని దాస్తున్నట్టు కాదు, అతను పడిపోతాడేమో పట్టుకుందామన్నట్టు.

"మా కొంపకొచ్చిన దేవుణ్ణి బొట్టు నేకుండా ఎలా ఉంచుతానయ్యా?" అంది.

కింద కారు హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఒక్క అడుగు లోపలికి వేస్తే పెట్టె అతనిది, మేం ఆపగలిగేవాళ్ళం కాదు, ఆపడానికి హక్కూ లేదు. అతను అడుగు వేశాడు కూడా. పీట ముందు వంగి, దండ మీద చెయ్యి వేసి, ఆ గాజు గ్లాసు వంక, నీళ్ళ మీద తేలుతున్న నూనె వంక చాలాసేపు చూశాడు. మామ్మగారింట్లో చిన్నప్పట్నుంచీ అతను చూసిన దీపమే అది. హారను మూడోసారి మోగింది. అతను లేచాడు, దండ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆ బొట్లు తుడిచెయ్యి, అమా. అత్త చూస్తే గుండె ఆగిపోతుంది."

అంతే. వెళ్ళిపోయాడు. మళ్ళీ మేం అతన్ని చూడలేదు. మనసెందుకు మార్చుకున్నాడో, అసలు మార్చుకున్నాడో లేక ఓడకి వేళైపోయిందో, ఎవరికి తెలుసు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ, అబ్బాయి బంగారం, అనేది.

కుంకం తుడిస్తే పోయింది. పసుపు పోలేదు. పూరేకుల సందుల్లోకి దిగి ఎండిపోయింది. చీపురుపుల్లతో గీకాం, చింతపండు పెట్టబోయాం, వెండి నల్లబడుతుందేమోనని మానేశాం. సాయంత్రం చుక్కలు పొడిచి వాళ్ళ శనివారం గడిచిపోగానే మామ్మగారు, ఏనాడూ మా మెట్లెక్కని మనిషి, మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కి వచ్చింది. పెట్టెని చూసి రెండు చేతులూ పెట్టి ముద్దు పెట్టుకుంది. పెట్టుకుంటూ కిందికి వంగినప్పుడు పచ్చదనం కంటబడింది. మా అమ్మ నేల చూపులు చూస్తోంది. ఆవిడ తల మీది ముసుగు కొసతో రుద్దింది, ఉమ్మి తడి చేసి రుద్దింది, రుద్ది రుద్ది ఆగింది.

దీనికి తినడానికేమైనా పెట్టావా, అని అడిగింది ఆవిడ. అరటిపండు, అని గొణిగింది మా అమ్మ. తిందా అంది. లేదు. ఉపవాసం కాబోలు, అని ఆవిడ నవ్వడం మొదలెట్టింది, నవ్వుతూనే ఏడ్చింది, మా అమ్మా ఏడ్చింది, ఆఖరికి ఆ అరటిపండు ముగ్గురం తలా ముక్క తిన్నాం. పసుపు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడే పెట్టె గుడికి చేరింది. మామ్మగారు ఇంకా చాలా ఏళ్ళు బతికింది. ఆవిడ పోయేదాకా శనివారం నిప్పు మా ఇంటిదే, మా అమ్మకి చేతకానప్పుడు నేను వెళ్ళేదాన్ని.

నిన్న కాదు మొన్న ఆదివారం మనవరాల్ని వెంటబెట్టుకుని సైక్కాలో వెళ్ళాను. గుడి చూసుకునే ఆయన కుర్చీ వేశాడు. పెట్టె బల్ల మీద ఉంది, పక్కన దూది, చిన్న చిన్న కుంచెలు. అంతా చెప్పాను, పిల్ల బర్మా మాటలో అక్కడక్కడ అందించింది. ఆయన ఆ వచ్చిన ఇద్దరికీ ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు, అది మకిలా, లేక ఇక్కడి చరిత్రలో భాగమా అన్నది వాళ్ళ తర్జనభర్జన అని పిల్ల చెవిలో చెప్పింది. చివరికి ఆయన నా వైపు తిరిగి, ఏం చెయ్యమంటారు పెద్దమ్మా, అన్నాడు. వాళ్ళ దేవుడు, వాళ్ళ గుడి, తీయొద్దని చెప్పడానికి నేనెవర్ని? తీసెయ్యండి అనడానికి నోరు రావడం లేదు. మామ్మగారి కుర్చీ గుర్తొచ్చింది. కిటికీ వంక చూశాను.

"ఆ పూరేకుల సందులు మరీ సన్నం, బాబూ. మీ పెద్దావిడ ముసుగుకే అందలేదు."

ఆయన పాదం దగ్గరికి వంగి ఆ సందుల్ని చూశాడు. పిల్లకేమో విసుగు, అడిగితే సరిగా చెప్పొచ్చు కదా అమ్మమ్మా, అని దారంతా సణిగింది.

ఇందాక ఆయన కొత్త ఫొటో పంపాడు. పెట్టె అద్దంలా ఉంది, గోపురం, మువ్వలు, తలుపులు, అన్నీ తళతళ. పాదం దగ్గర పెద్దది చేసి చూపించమన్నాను. పసుపు ఉంది. అంగుళం కదల్లేదు.

ఇప్పుడు ఆ వీధుల్లో మామ్మగారి దీపం ఎవరికీ తెలీదు. నిప్పు కోసం ఒకరింటికొకరు వెళ్ళడం లేదు, ఎవరికేం కావాలన్నా ఫోనులో ముక్కుసూటిగా చెప్పేస్తారు, అది మంచిదే, కంబళి బాధ ఉండదు. కాని ఒకరు సగం మాట అని ఊరుకుంటే, మిగతా సగం కోసం ఇంకొకరు లేచి నిలబడడం ఉండేది చూడండి, అది ఎటు పోయిందో.

ఇది చెబుతుండగానే కరెంటు పోయింది. ఈ మధ్య ఇది రోజూ ఉన్నదే. ఇల్లంతా చీకటిగా ఉంది, అన్నాను. అమ్మమ్మా, కరెంటు తొమ్మిదింటికి గాని రాదట, అంది మనవరాలు తలెత్తకుండా. నేనే లేచి, తడుముకుంటూ, గాజు గ్లాసులో సగానికి నీళ్ళు పోశాను.